కల్లం కాపలా

"ఈ ఏడు గూడా కల్లం కాడ సుప్రజే పడుకుంటదిలే. దాని గురకకి దొంగలు కాదు గదా, కుక్కలు గూడా రావు" అన్నాడు మా ఆయన ఉపేంద్ర కాఫీ తాగుతూ. అత్తయ్య అంజమ్మ నవ్వింది. గోంగూర ఆకు తుంచుతున్న నాకు మాత్రం ఈసారి నవ్వు రాలేదు.

ఊరి చివర కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు రాత్రి కాపలా మగవాళ్ళ పని. మా ఇంట్లో మాత్రం గురక పుణ్యమా అని రెండేళ్ళుగా నాది. ఆయన గురక పెడితే "కష్టపడి వచ్చాడు పాపం." నేను పెడితే "ఆడదానికి గురకేంది, అప్రతిష్ఠ." పైగా, "రాత్రంతా మొద్దులా నిద్రపోతివి, పగలు మళ్ళా కునుకేందే?" అని అత్తయ్య దెప్పని రోజు లేదు. తలనొప్పితోనే లేచేదాన్ని. ఎన్ని మాత్రలు మింగినా బీపీ దిగేది కాదు. దిష్టని మా కల్లంలో మిరపకాయలే తిప్పి పొయ్యిలో వేశారు. నిజంగానే సోమరిదాన్నేమోనని నేనూ నమ్మాను. చివరికి బజ్జీలు వేస్తూ మూకుడు ముందే కునికి చెయ్యి కాల్చుకున్నాను.

చేతికి కట్టు కోసం నరసరావుపేట వెళితే, అక్కడి డాక్టరమ్మ నా నిద్ర గురించి అడిగింది. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఒక రాత్రి ఒంటికి వైర్లు తగిలించి పరీక్ష చేయించింది.

"మీరు నిద్రపోవట్లేదమ్మా. కన్ను మూతపడగానే గొంతులో గాలిదారి మూసుకుపోతోంది. ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడి మళ్ళీ పీలుస్తున్నారు. రాత్రంతా ఇదే వరస. వదిలేస్తే గుండెకు ముప్పు" అంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు, సోమరిదాన్ని కానని తెలిసి.

ఇప్పుడు గోంగూర పక్కన పెట్టి, నిన్న తెచ్చుకున్న మిషను పట్టుకొచ్చాను. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే రాత్రంతా గాలి ఊది గొంతు మూసుకుపోకుండా చూస్తుందని చెప్పాను.

"దీన్ని కల్లం కాడ ఎట్టా పెడతావే? ఆడ కరెంటు లేదు గదా" అన్నాడు ఉపేంద్ర.

"అందుకే వెళ్ళను. మీ మంచం పక్కనున్న ప్లగ్గు నాక్కావాలి."

"మరి కాపలా ఎవరు?"

ఆయన దుప్పటి, టార్చిలైటు తెచ్చి ముందు పెట్టాను.

"మీరు. ఇన్నేళ్ళూ నేను మేలుకునే ఉన్నానండీ. ఇక నిద్రపోతాను."