ఏడో అధ్యాయంలో లేచినవాడు

నా నవలకు వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు ఏడో అధ్యాయం గురించే. అందులో ఒక కాలేజీ కుర్రాడు, తన స్నేహితుణ్ణి లెక్చరర్ దొంగను చేసి నిలదీస్తుంటే, వెనక బెంచీలోంచి లేచి, "కాపీ కొట్టింది నేను సార్" అంటాడు. అక్కడ ఏడ్చామని చాలామంది రాశారు. ఒక రిటైర్డ్ ఇంజనీరుగారైతే ఆ పేజీలు జిరాక్స్ తీయించి మనవలకు పంచారట.

ఉత్తరాలు మా ఆవిడ పైకి చదివేది.

"ఈ ధైర్యమంతా ఎక్కడ దాచారండీ? పాలలో నీళ్ళెక్కువయ్యాయని పాలవాడికి చెప్పమంటే నిన్న స్నానాల గదిలో దూరారు."

నేను నవ్వేసేవాణ్ణి. నవ్వేవాణ్ణి ఎవరూ రెట్టించి అడగరు.

నవలలోని ఆ స్నేహితుడు మా కాలేజీలో నిజంగానే ఉండేవాడు. వాణ్ణి మేం గెడకర్ర అనేవాళ్ళం, అంత పొడుగు. వాడి ఫిజిక్స్ రికార్డు ఒక సాయంత్రం అడిగి తీసుకుని, వాడు చేసిన తప్పుతో సహా దించేశాను. రెండు రికార్డుల్లో ఒకటే తప్పు. నావి మంచి మార్కులు, వాడిది మాసిన చొక్కా. దొంగ ఎవరో తేల్చడానికి లెక్చరర్‌కు నిమిషం పట్టలేదు. వాడు నావైపు ఒక్కసారి చూశాడు. నేను తల దించుకుని, బెంచీ మీద ఎవరో బ్లేడుతో చెక్కిన గీతలు లెక్కపెట్టాను. పదిహేడు. మర్నాటి నుంచి వాడు కాలేజీకి రాలేదు. ఎక్కడికి వెళ్ళాడో నేను కనుక్కోలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత, నవలలో మాత్రం లేచి నిలబడ్డాను.

ఆదివారం ఉదయం లైబ్రరీలో పాఠకులతో ముచ్చట పెట్టారు. మా ఆవిడా వచ్చింది. లైబ్రేరియన్ పేపర్ల బల్ల ఖాళీ చేయించి దాని వెనక నన్ను కూర్చోబెట్టాడు. మాటలయ్యాక అందరూ సంతకాల కోసం వరస కట్టారు. చివర్న ఒక అమ్మాయి మిగిలింది. సెకండియర్ అంది. పుస్తకం అట్ట చివర్లు నలిగిపోయి ఉన్నాయి.

"ఏడో అధ్యాయం చదివే నేనూ లేచాను సార్," అంది. "మా ఫ్రెండ్‌ని తిడుతుంటే. కాపీ కొట్టింది నేనే. నెల రోజులు సస్పెండ్ చేశారు."

"అయ్యో! నా పుస్తకం వల్ల..."

"మీదేముంది సార్, కొట్టింది నేను కదా. మా అమ్మ మాట్లాడ్డం మానేసింది. అన్నం మాత్రం పెడుతోంది." నవ్వింది. "ఒక్క డౌటు సార్. అడగనా?"

"అడుగమ్మా."

"మీ వాడు లేచి మాట్లాడుతూనే బెంచీ మీద గీతలు లెక్కపెడతాడు, పదిహేడని. నాకు లేచాక ఏమీ కనపడలేదు సార్. చెవుల్లో హోరు. నా గొంతు నాకే వినపడలేదు. ఆ గీతలు..." ఆగింది. "తల దించుకుని కూర్చుంటే కదా కనపడేది?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. లెక్క ఎక్కడ తప్పిందో మాస్టారినడిగే పిల్లలాగే అడిగింది. నా మెడ వెనక వేడి పాకింది. ఇన్నేళ్ళకు ఒక మనిషి నన్ను సరిగ్గా చదివింది. లేవాలనిపించింది. లేచి, నిజమేనమ్మా, నేను కూర్చునే ఉన్నానని చెప్పాలి. అంతే. నాలుగు మాటలు. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాను కూడా.

"నవల కదమ్మా," అన్నాను. "కొంచెం కల్పన ఉంటుంది."

తను నా ముఖం చూసింది. చూసి, చప్పున కళ్ళు పక్కకు తిప్పుకుంది, తలుపు తోసి చూడకూడనిది చూసినట్టు.

"పర్లేదు సార్," అంది మెల్లగా. ఓదార్పు తెలుస్తూనే ఉంది. "కూర్చున్నవాళ్ళ గురించి మాత్రం చాలా బాగా రాశారు. సంతకం పెట్టండి."

నేను వంగి సంతకం పెడుతుంటే, బల్ల చెక్క మీద గీతలు కనబడ్డాయి. కళ్ళు మూసుకున్నాను. సంతకం వంకరగా వచ్చింది.

మెట్ల దగ్గర మా ఆవిడ అడిగింది: "అంతసేపు ఏమంటోంది ఆ పిల్ల?"

"నవల బాగుందంది."

"మరి ముఖం అలా పెట్టారేం?"

నేను నవ్వాను.