దోమతెర మీద చేపల వల

“గదేమున్నదమ్మా! దోమతెర నాది, వల మావోనిది. రెండు కలిపినం, అయిపాయె” అన్నాడు భీమయ్య, డాబా మీద ఎండుతున్న కందులను పక్కింటి అష్రఫున్నీసాకు చూపిస్తూ.

సరిగ్గా అప్పుడే ఆయన కోడలు ప్రియదర్శిని చాయ్ గ్లాసులతో మెట్లెక్కి వచ్చింది. “ఎవరి దిమాగ్ భీమన్నా ఇది, మస్తుగున్నది!” అని అష్రఫున్నీసా అడగడమూ విన్నది, మామగారి జవాబూ విన్నది. ఆ జవాబులో తనకెక్కడైనా చోటుందేమోనని వెతుక్కుంది. లేదు. చాయ్ ఇచ్చి, ఖాళీ గ్లాసుల కోసం నిలబడింది.

వికారాబాద్‌లో డాబా మీద ఏదైనా ఎండబెట్టాలంటే ముందు కోతుల అనుమతి తీసుకోవాలి. అనంతగిరి వైపు నుంచి డ్యూటీకి వచ్చినట్టు పొద్దున్నే వస్తాయి, సాయంత్రం దాకా ఉంటాయి, సెలవులు పెట్టవు. అత్తగారు బుగ్గమ్మ పుట్టిల్లు తాండూరు. ఏటా అక్కడి నుంచి ఆవిడ తమ్ముడు కందులు పంపుతాడు. దుకాణంలో దొరికే పప్పును ఆవిడ పప్పుగా లెక్కచేయదు. కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, గలగలమనేలా ఎండబెట్టి, గిర్నీలో పప్పు పట్టిస్తే తప్ప ఆవిడకు ఏడాది మొదలైనట్టుండదు. నానబెట్టడం, మట్టి పట్టించడం, మెట్ల మీదుగా మోయడం, పరచడం కోడలి పని. కోతుల నుంచి కాపాడే యుద్ధతంత్రం మాత్రం మగవాళ్లది. మొదట భీమయ్య పాత దోమతెర కప్పాడు. కోతులు దాని మీద తీరిగ్గా కూర్చుని, గోళ్లతో చింపి తిన్నాయి. తర్వాత ఆయన కొడుకు శ్రీహరి, అంటే ప్రియదర్శిని భర్త, కోట్‌పల్లి చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్లను బతిమాలి వల తెచ్చి, మంచానికి నవారు లాగినట్టు లాగి కట్టాడు. కోతులు కంతల్లోంచి చేతులు పెట్టి, సంతలో ఏరుకున్నట్టు ఏరుకుని తిన్నాయి. “జర ఒదులుగ ఏసి చూద్దామా?” అని ప్రియదర్శిని అంటే, “ఒదులుగ ఏస్తే ఇంక సులువుగ గుంజి పారేస్తయ్, నీకు తెల్వదు తియ్” అన్నారు తండ్రీకొడుకులు.

వాళ్లిద్దరూ ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం ఆమె తనకు తోచింది చేసింది. చిరుగులు కుట్టిన దోమతెరను కందుల మీద బిగువుగా పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి, వాటి మీద జానెడు ఎత్తులో చేపల వలను ఉయ్యాలలా వదులుగా వేలాడేసింది. గుంపు పెద్ద కోతి దర్జాగా దిగి కాలు మోపింది. కాలు దిగబడింది, వేళ్లు చిక్కుకున్నాయి, రెండో కాలికి ఆధారం దొరకలేదు. కీచుమని అరిచి, ఎలాగో వదిలించుకుని పిట్టగోడ ఎక్కి, తన కాలి వంక ఒకసారి, ప్రియదర్శిని వంక ఒకసారి చూసింది. ఆ రోజు మరే కోతీ దిగలేదు. ప్రియదర్శిని డాబా మీద ఒక్కతే నిలబడి పకపకా నవ్వుకుంది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య దేనికీ కలగలేదు. సాయంత్రం శ్రీహరి వచ్చి చూసి, “గదేమున్నది, రెండు కలిపినవ్ గంతేగా” అన్నాడు. ఇప్పుడు ఆ ‘కలపడం’ కూడా మామగారి ఖాతాలోకి పోయింది.

ఆ ఇంట్లో ‘గదేమున్నది’ని మించిన మాట లేదు. జొన్నరొట్టె అంచు పగలకుండా చేసినా అదే, ఇంటికి ఇరవైమంది చుట్టాలొస్తే ఎవరికీ తక్కువ కాకుండా వండి పెట్టినా అదే. పెళ్లయ్యాక, స్టవ్ పక్కన పుస్తకం పెట్టుకుని చదివి, పేటెంట్ ఏజెంటు పరీక్ష పాసైన రోజున కూడా శ్రీహరి స్వీట్లు తెచ్చి, నోట్లో ఒకటి పెట్టి, “గదేమున్నది, ఇంట్ల కూసొని సదివేదేనాయె” అన్నాడు. చెడ్డవాడు కాదు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. రోజూ రైల్లో పోయి, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వస్తాడు. తన పనిలో ఎంత కష్టముందో ఆమెకు రోజూ చెప్తాడు, ఆమె రోజూ వింటుంది. ఆమె ఏం పని చేస్తుందో మాత్రం అతను ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. నిజానికి అది అంత కష్టమైన సంగతేం కాదు. ఎవరైనా ఏదైనా కొత్తగా కనిపెడితే, అది నిజంగా కొత్తదేనని ప్రభుత్వాన్ని ఒప్పించి, వాళ్ల పేరున హక్కు రాయించే కాగితాలు ఇంట్లోనే కూర్చుని తయారుచేస్తుంది. మరొకరి తెలివికి వాళ్ల పేరే ఉండేలా చూడటం ఆమె వృత్తి. ఈ తమాషా ఆమెకు తెలియక కాదు, నవ్వుకుని ఊరుకునేది.

ఈసారి ఆమె చేతిలో ఉన్నది టీవీ తెరల కేసు. తెర మీది ప్రతి చుక్క వెనకా ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది. ఆ స్విచ్చిలో కరెంటు నడిచే దారి, ఇండియం, గాలియం, జింకు కలిసిన ఆక్సైడ్ పొర. వెంట్రుకను నిలువునా వేల చీలికలు చేస్తే ఒక చీలికంత పలచన. ఇండియం ఎక్కువ కలిపితే కరెంటు పరుగెడుతుంది గానీ ఆ పొర మహా సున్నితం, దాని మీద తీగలు గీసేటప్పుడు వాడే రసాయనాలకే పాడైపోతుంది. గాలియం ఎక్కువ కలిపితే పొర గట్టిదే, కరెంటు మాత్రం కుంటుతుంది. ఒక చిన్న కంపెనీ వాళ్లు చురుకైనదాన్ని కింద వేసి, గట్టిదాన్ని అతి పలచగా దాని మీద పరిచారు. తెర బాగా పనిచేసింది. పేటెంట్ ఆఫీసు అభ్యంతరం చెప్పింది: మొదటి పొర ఒక పాత పత్రంలో ఉంది, రెండోది ఇంకో పాత పత్రంలో ఉంది, ఈ విద్యలో ఆరితేరిన మనిషి ఎవరైనా రెండూ కలుపుతారు, ఇందులో కనిపెట్టిందేముంది? చట్టంలో ఈ ‘ఆరితేరిన మనిషి’ ఒక ఊహ. లోకంలోని పత్రాలన్నీ చదివి ఉంటాడు, కొత్తగా ఒక్క ఊహా చేయలేడు. ప్రియదర్శినికి మాత్రం అతను బాగా ఎరిగిన మనిషిలాగే అనిపించేవాడు.

ఖాళీ గ్లాసులు పట్టుకుని మెట్లు దిగుతూ, నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. దోమతెర నాది, వల మావోనిది, రెండు కలిపినం. అభ్యంతరం రాసిన అధికారి మాటలు అక్షరాలా ఇవే! మరి వల వదులుగా వేస్తే పనికిరాదని చెప్పింది ఎవరు? వల తెచ్చినాయనే కదా! గ్లాసులు సింకులో పడేసి గదిలోకి పరుగెత్తి, మొదటి పాత పత్రం మళ్లీ తీసింది. ఉంది. పదకొండో పేజీలో ఒక మూల స్పష్టంగా ఉంది: చురుకైన పొర మీద మందకొడి పొరను వేయకూడదు, వేస్తే మొత్తం మందగిస్తుంది. వద్దన్న పత్రాన్నే చూపించి, ఇది చదివితే ఎవరికైనా తడుతుంది అంటున్నారు! అయ్యాక చూసినవాడికి అన్నీ తేలికే. ఆ పూట ఆమె రాసిన జవాబు, పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఆగలేదు.

హైదరాబాద్‌లో ఉండే ఆమె బాసు సుశాంత్ అది చదివి ఫోన్ చేశాడు. “బాగా రాశారు మేడమ్. అయితే ఆలోచిస్తే ఇది ఎవరికైనా తట్టే పాయింటే. హియరింగ్‌లో నేను వాదిస్తాను.”

వాదించేది ఎప్పుడూ అతనే. రిజిస్టరైన ఏజెంటుగా కేసులో ఆమె పేరూ ఉంటుంది, కానీ తెర మీద కనిపించే ముఖం అతనిది. ఒకసారి, ఒకే ఒక్కసారి, ఆమె క్లయింటుతో వీడియోలో మాట్లాడుతుంటే వెనక కుక్కర్ కూత వేసింది. ఆ రోజు నుంచి, “మీ ఇంట్లో డిస్టర్బెన్స్ కదండీ” అని నవ్వుతూనే పక్కన పెట్టాడు. అతని వెనక ఒకసారి కుక్క మొరిగింది, అదేమో ముచ్చటగా ఉందన్నారు అందరూ. కుక్కకున్న విలువ కుక్కర్‌కు లేకపోయింది. ఈ కేసు మాత్రం ఆమెకు చేజారిపోకూడదనిపించింది. ఎందుకో ఆ బుల్లి పొరలు తన మనుషులే అనిపించాయి.

“ఎవరికైనా తట్టేదైతే మీకెందుకు తట్టలేదు సార్?” అన్నది, గొంతులో నవ్వు పోకుండా. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “సరే సార్, ఒకసారి వాదించి చూపించండి, వింటాను.” సుశాంత్ మొదలుపెట్టాడు. రెండో నిమిషంలోనే గాలియం పొరను కింద పెట్టేశాడు. ఆమె సరిదిద్దింది. అయిదో నిమిషంలో మళ్లీ కింద పెట్టాడు. “ఈ హియరింగ్ నేను చేస్తాను సార్” అన్నది ప్రియదర్శిని. అడగలేదు, చెప్పింది. అతను కాసేపు గొణిగి, “సరే గానీ, ఆ కుక్కర్ సంగతి...” అన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో వంట చేసినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. హియరింగ్ రోజునే రెండో విడత కందులు ఎండబెట్టాలని బుగ్గమ్మ పట్టు. యూనిట్‌లో మరమ్మతులని శ్రీహరికి సెలవు. పొద్దున చాయ్ తాగుతుండగా ప్రియదర్శిని తన మాట చెప్పేసింది. “పగటికి వంట నేను చెయ్య. కందులు గూడ మీరే పరుచుకోండ్రి. నాకు ముఖ్యమైన పనున్నది, తలుపు ఏసుకుంట.”

“కోతులొస్తయ్ కదనే!” అన్నాడు శ్రీహరి.

“దోమతెర, వల రెండు గోడ మీద మడతవెట్టి ఉంచిన. ఎట్ల ఎయ్యాల్నో అందరికి తెలిసిందేనాయె. గదేమున్నది?”

భీమయ్య పేపరు వెనక్కి పోయాడు. బుగ్గమ్మ మూతి ముడిచి, “మా కాలంల గిట్ల అత్త ముంగట చెయ్యనంటే ఊకుంటుండెనా?” అన్నది. ఆ మాటంటూనే నడుము పట్టుకుంది. కోడలు వచ్చేదాకా ముప్పై ఏళ్లు ఈ ఇంటి కందులు మోసిన నడుము అదే కదా. “చెయ్యననొచ్చని మాకు తెల్వకపాయె” అని, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రియదర్శిని ఇస్త్రీ చీర కట్టుకుని, కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెర మీద చెన్నై పేటెంట్ ఆఫీసు అధికారిణి, కళ్లద్దాలావిడ, మర్యాదగా, ముక్తసరిగా ఉంది. ఓ మూల గడిలో సుశాంత్. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ప్రియదర్శిని మొదట రాసుకున్నది చూసి చదివింది, పదకొండో పేజీ దాకా వచ్చేసరికి చూడకుండానే చెప్పసాగింది. నెత్తి మీద డాబా అంతా ధనధన అడుగుల చప్పుడు. “అటు గుంజు, నాయినా!” “నువ్వే అటు గుంజురా!” వంటింట్లో కుక్కర్ కూత వేసింది, ఎవరు పెట్టారో, అందులో ఏం వేశారో దేవుడికే తెలియాలి. ప్రియదర్శిని మాట్లాడుతూనే ఉంది.

అధికారిణి కాగితాలు పక్కన పెట్టింది. “మీరు చెప్పింది అర్థమైంది. కానీ చూడండి, ఉన్నవి రెండే పొరలు. రెండూ ముందే తెలిసినవి. ఒకదాని మీద ఒకటి వేయడమే కదా. పనిలో చేయి తిరిగినవాళ్లకు దానంతటదే తట్టదా?”

కేసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద ఉందని ప్రియదర్శినికి తెలుసు. నోరు తెరవబోయింది. తలుపు భళ్లున తెరుచుకుంది. కొప్పు ఊడిపోయి, ఒక భుజాన దోమతెర, ఇంకో భుజాన చేపల వలతో బుగ్గమ్మ.

“పిల్లా! గీ వల కిందేసుడా, పైనేసుడా? బిగ్గెనా, ఒదులా? మీ మామ ఒకటంటడు, మీ ఆయన ఒకటంటడు. ఇద్దరు కొట్లాడుకుంటుండంగ కోతులు సగం కందులు మెక్కినయ్!”

గడిలో సుశాంత్ కళ్లు మూసుకున్నాడు. ప్రియదర్శిని చెయ్యి అలవాటుగా మ్యూట్ మీదికి పోయింది. సగం దారిలో ఆగింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“ఆవిడెవరు? ఏమంటున్నారు?” అని అడిగింది తెలుగు రాని అధికారిణి.

“మా అత్తగారు మేడమ్. మా ఇంట్లో రెండు వలలున్నాయి. రెండూ ఇంట్లో అందరికీ తెలిసినవే. నేను వాటిని వేసి పని జరిపించాక, ఇది ఎవరికైనా తట్టేదేనన్నారు. ఇవాళ నేను వేయలేదు. ఏది కింద, ఏది పైన, ఎంత వదులు అని అడగడానికి వచ్చారు.”

అధికారిణి కాసేపు తెరలోంచి బుగ్గమ్మనూ, ఆవిడ భుజాల మీది వలలనూ చూసింది. పెదవుల మీదికి వచ్చిన నవ్వును ఆపుకోలేక తల వంచుకుని ఏదో రాసుకుంది. “కొనసాగించండి” అన్నది. “తొందరేం లేదు.”

“కూసో అత్తమ్మా” అని మంచం చూపించింది ప్రియదర్శిని. “గా పని వాళ్లనే చేసుకోనియ్యి.”

బుగ్గమ్మ దోమతెర కింద పడేసి, వల ఒళ్లో పెట్టుకుని, కోడలు మాట్లాడుతున్న ఇంగ్లీషు వంక నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది. పట్టపగలు ఆవిడ ఊరికే కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

పైనుంచి శ్రీహరి గొంతు వినిపించింది. “అమ్మా! అడిగినవా? ఏది పైన?”

బుగ్గమ్మ కోడలి వంక చూసింది, లాప్‌టాప్ వంక చూసింది, తల పైకెత్తి డాబా అదిరేలా జవాబిచ్చింది.

“గదేమున్నదిరా! మీకు తెలిసిందేనాయె!”