ఏరు దాటించిన కుక్క

నాకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు యానాంలో మా పక్కింటి అబ్బులు మావయ్య పోయిన తీరు కళ్లారా చూసినదాన్ని. ఐసు దిమ్మలు భుజాన మోసే మనిషి, బండరాయి లాంటివాడు. ఏదో వీధికుక్క పిక్క పట్టుకుంటే, ఎవరో పసరు పోస్తారని పొరుగూరు వెళ్లి పోయించుకొచ్చి, పథ్యం చేసి, నయమైపోయిందని నవ్వుతూ తిరిగాడు. కొన్ని నెలలు పోయాక ఒక పొద్దున్న వాళ్లావిడ మంచినీళ్లు ఇస్తే గ్లాసు చూసి కేక పెట్టాడు. దాహం అంటాడు, నీళ్లు చూపిస్తే గొంతు పట్టుకుని వణికిపోతాడు. నేను మా కిటికీ దగ్గర నిలబడి అంతా చూశాను. నన్ను లోపలికి లాగాలని ఎవరికీ తోచలేదు.

అలాంటిదాన్ని చేసుకున్న మా ఆయన ఫణిధర్‌కి కుక్క కావాలట. మా అమ్మాయి, ఎనిమిదేళ్ల లాస్య, ఆయన పాటకి తాళం. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి రెండేళ్లు, ముత్తియాల్‌పేటలో మేడమీద వాటా. పిల్లకి ఇక్కడ తోడు లేదు కదా అంటాడు ఆయన. చేపల తొట్టె కొనండి అన్నాను. తండ్రీకూతుళ్లు ఒకటైతే తల్లి మాట ఎవడిక్కావాలి? ఒక ఆదివారం సముద్రం ఒడ్డున ఎవరో కుక్కల్ని పెంపకానికి ఇస్తున్నారంటే నన్నూ లాక్కుపోయారు.

మంచి కుక్కను ఎలా ఎంచుకోవాలో మా ఆయన ఫోన్లో చూసి చూసి పండితుడైపోయాడు. చిటికె వేస్తే దగ్గరికి రావాలి. వెల్లకిలా పడుకోబెడితే గింజుకోకూడదు. తింటుండగా ముట్టుకుంటే గుర్రుమనకూడదు. ఈ పరీక్షలన్నిటిలో ఒక నల్లదాన్ని పాస్ చేయించాడు కూడా. లాస్య మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్న గోధుమరంగు దాన్ని చూపించి, "దాన్నెవరూ అడగట్లేదు నాన్నా" అంది. అంతే, పరీక్షలన్నీ రద్దు. ఎముకలు తేలిన ఆ సగం ఎదిగిన కుక్కకి బూరె అని పేరు పెట్టి ఆటోలో ఎక్కించారు. నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను.

ఇచ్చినవాళ్లు ఒక మాట స్పష్టంగా చెప్పారు. ఇది రోడ్డు మీద దొరికి వారం కూడా కాలేదు, పిచ్చికుక్క రోగం రాకుండా వేసే టీకా పడలేదు, వెంటనే వేయించండి అని. మా ఆయన సరేనన్నాడు. ఆయన సరే అంటే ఆ పని ఎప్పటికవుతుందో, రిపేరు కోసం ఎదురుచూస్తున్న మా గ్యాస్ స్టవ్వుకి తెలుసు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. సాయంత్రం నేను వచ్చేదాకా లాస్య కింద ఇంటివాళ్ల దగ్గర ఉంటుంది. పట్టాభిరామన్‌గారు, భాగ్యం గారు. తరతరాలుగా ఈ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు. తెలుగు అక్షరం చదవలేరు గానీ తెలుగులోనే తిట్టుకుంటారు, తెలుగులోనే బతిమాలుకుంటారు. నాకు బాబాయిగారు, పిన్నిగారు.

ఒక రోజు లాస్యకి తలంటుతుంటే మోచేతి కింద పసుపు చెక్కు కట్టిన మచ్చలు కనిపించాయి. గోరుతో తీస్తే కింద రెండు గంట్లు. 

"ఏంటే ఇది?"

అది ముందు గోడ గీసుకుందంది. తర్వాత ఏడ్చేసింది. బూరె చేపముక్క తింటుంటే ముల్లు తీద్దామని చెయ్యి పెట్టిందట. ఆరు రోజులైందట. నేను తడిబట్టలతోనే కిందికి పరుగెత్తాను.

"ఏందమ్మా ఇట్ల అరస్తా ఉండావు?" అన్నారు పిన్నిగారు. "పిల్లోళ్లకి కుక్క పన్ను తగిలేది ఉండేదే గదా. పసుపూ సున్నమూ పెట్టినా, మానిపొయ్యింది. అమ్మకి చెప్పొద్దవ్వా, బూరెని పంపేస్తాదని పాప ఒకటే ఏడుపు. నేనేం చేసేది?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం చూసి నా మొహం చూసింది. అప్పుడే సబ్బుతో కడిగి తీసుకురావాల్సింది అంది. గాయం చుట్టూ సూదులు గుచ్చుతుంటే లాస్య నా చీర కొరుక్కుంది. కుక్కకి టీకా పడిందా అని డాక్టరమ్మ అడిగితే నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు.

"మందు పనిచేస్తుంది, సూదులు మాత్రం ఒక్కటీ మానకండి" అంది డాక్టరమ్మ. "కుక్కని కొట్టకండి, తరమకండి, కట్టేసి కళ్లెదుట ఉంచండి. కరిచిన నాటి నుంచి పది రోజులు అది బాగా ఉందంటే, కరిచినప్పుడు దానిలో రోగం లేనట్టే. పాపకి భయం లేదు. తిండి మానినా, నీళ్లు మానినా, తీరు మారినా వెంటనే రండి."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కుక్కకి జరిగిన మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరగవు. మెట్ల కింద గొలుసుతో కట్టాం. పాలన్నం కలిపి, గిన్నెను కర్రతో దూరం నుంచి తోసేదాన్ని. అది మూతి పెట్టేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు. నీళ్లు గతుకుతున్న చప్పుడు వింటే ఏడుపొచ్చేది. తాగవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, తాగు అని కుక్కని బతిమాలుకున్నాను. ఇక మేడ మీద పిల్ల గ్లాసెత్తితే నా కళ్లు దాని గొంతు మీదే. "ఎందుకమ్మా అలా చూస్తావు?" అనేది లాస్య. అది దగ్గితే పరుగెత్తుకెళ్లి నుదురు పట్టి చూసేదాన్ని. రోగం మాట ఇంటివాళ్లకి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని మా ఆయన వాళ్ల దగ్గర దాచాడు. నేను కాదనలేదు.

మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి మెట్ల కింద గొలుసు ఒక్కటే ఉంది.

గుమ్మంలో బాబాయిగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. "పీడ పొయ్యింది కుమారీ. గోనెలో ఏసి, టీవీఎస్ మింద పెట్టుకోని, ఏటికి ఆ పక్క వదిలేసి వచ్చినా. ఏరు దాటిస్తే కుక్కకి దారి తెగిపోతాది, మళ్లా రాదు. మా నాయన కాలం నించీ కరిసే కుక్కకి ఇదే."

 మెట్టు మీద కూలబడ్డాను.

"ఎందుకు తీసుకెళ్లారండీ? మిమ్మల్నెవరు అడిగారండీ?"

ఆయన నవ్వు పోయింది. "నువ్వు దినమూ దాని ముందర కూసోని ఏడస్తా ఉంటివి గదమ్మా. నీకు భయమని చేసినా."

అప్పుడు చెప్పాను, డాక్టరమ్మ అన్నదంతా. వింటున్నకొద్దీ ఆయన గోడకి ఆనుకుపోయారు. పిన్నిగారు నోట్లో కొంగు కుక్కుకున్నారు. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అలా అయింది ఆ మనిషి పని.

ఆ సాయంత్రం అందరం వెళ్లి వెతికాం. దొరకలేదు. ఆ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. అది ఏ లారీ కిందో పడి చచ్చిపోతే? రోగంతో చచ్చిందో దెబ్బతో చచ్చిందో ఎవరు చెబుతారు? అప్పుడు నా పిల్ల ప్రతి గుక్కనీ నేను ఎన్నేళ్లు చూస్తూ కూర్చోవాలి?

మర్నాడు మా ఆయన లాస్యని సూదికి తీసుకెళ్లాడు. నేను బాబాయిగారి బండెక్కాను. ఏరు దాటగానే వచ్చే అరియాంకుప్పంలో తిరగని సందు లేదు. చేపలమ్మే చోటు, బస్సులు ఆగే చోటు, కొబ్బరితోటలు, వరిచేల గట్లు. "బూరే! బూరే!" అని నేను అరుస్తుంటే జనం నవ్వారు. కుక్కలు మా మీద ఎగబడితే, వాటన్నిటికీ భయపడుతూనే వాటి మొహాల్లో బూరె కోసం వెతికాను. రెండు చోట్ల రోడ్డు పక్క చచ్చిన కుక్కలుంటే బండి దిగి వెళ్లి రంగు చూశాను. ఆ రోజూ దొరకలేదు. ఆ పై రోజు మధ్యాహ్నం దొరికింది.

కొబ్బరితోట వెనక ఒక చిన్న ఇల్లు. ముంగిట్లో నీడన బూరె పడుకుని ఉంది. దాని పొట్ట మీద తల పెట్టుకుని, నడక కూడా సరిగా రాని ఒక పాపాయి నిద్రపోతోంది.

నాకు సంతోషం ఒక్క క్షణమే. పాపాయి చేతి మీద గీతలు చూశాను.

ఇంటావిడ పేరు తాయమ్మాళ్. కుక్క మీదేనా అని నవ్వుతూ తమిళంలో అడిగింది. గంజి పోస్తే తాగుతోందట, పాపని వదలట్లేదట, మంచి కుక్కట. ఆవిడ మరిది మునియప్పన్ పక్కనే కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

బాబాయిగారు నా చెవిలో అన్నారు. "ఏమీ చెప్పొద్దు. మన కుక్కని పట్టుకోని పోదాం, రా. చెప్తే కొట్టి సంపేస్తారు. అది సస్తే మన పాప గతి ఏంది?"

ఆయన అన్నది నిజం. నా పిల్లకి ఆ కుక్క ప్రాణంతో కావాలి. నోరు మూసుకుని గొలుసు వేసి లాక్కుపోతే ఎవరికీ తెలియదు. తాయమ్మాళ్ ఆ గీతలకి ఇంత పసుపు రాస్తుంది. తగ్గిపోయిందనుకుంటుంది. కొన్ని నెలలు పోయాక ఒక పొద్దున్న నీళ్ల గ్లాసు ఇస్తుంది.

"అక్కా, ముందు పాపని తీసుకోండి" అన్నాను, వచ్చీరాని తమిళంలో. "ఈ కుక్క మా అమ్మాయిని కరిచింది. టీకా లేదు. పాపకి గీతలున్నాయి, ఆసుపత్రికి వెళ్లాలి."

ఆవిడ కేకకి తోటంతా కదిలింది. పాపాయిని లాక్కుంది. మునియప్పన్ కొబ్బరిమట్ట ఎత్తాడు. ఇంకెవరో రాయి అందుకున్నారు. బూరె గోడకి నక్కి పళ్లు చూపించింది. బాబాయిగారు అడ్డం పడి ఏదో చెబుతూనే ఉన్నారు, వినేవాళ్లెవరు?

మట్ట గాల్లో ఉండగానే నేను కుక్క మీద పడ్డాను. జీవితంలో కుక్కని ముట్టుకోవడం అదే మొదలు. రెండు చేతులా పొట్టకి అదుముకున్నాను. అది హడలిపోయి నా మణికట్టు కొరికింది. పన్ను దిగింది. అదీ వదల్లేదు, నేనూ వదల్లేదు. మట్ట దెబ్బ నా వీపు మీద పడింది. "కొట్టొద్దు, ఇది చస్తే మా పిల్లకీ మీ పిల్లకీ ఏమవుతుందో తెలియదు" అని తెలుగులోనే గొంతు చించుకున్నాను. ఎంత అర్థమైందో గానీ, నా చేతి నుంచి కారుతున్న రక్తం చూసి మునియప్పన్ మట్ట దించాడు.

తాయమ్మాళ్ ఇంటి కుళాయి కిందే సబ్బుతో చెయ్యి కడుక్కున్నాను. ఒకే ఆటోలో అందరం ఆసుపత్రికి వెళ్లాం. వెనక తాయమ్మాళ్, పాపాయి, నేను. ముందు డ్రైవరు పక్కన బాబాయిగారు, ఆయన కాళ్ల దగ్గర గోనెతాడుతో కట్టిన బూరె. దారంతా తాయమ్మాళ్ నాకు వీపు తిప్పి, పాపాయిని అటు వైపు పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం గాయం లేని నా చెయ్యి పట్టుకుని దించింది.

డాక్టరమ్మ పాపాయి గీతలు చూసి ఎందుకైనా మంచిదని సూది వేసింది. తర్వాత నా చెయ్యి చూసింది.

"కుక్క ఎలా ఉంది?"

"బయట ఆటోలో ఉంది. గంజి తాగింది, నీళ్లు తాగింది. బెదిరిస్తేనే కరిచిందండి."

ఆవిడ లేచి వెళ్లి చూసొచ్చింది. లాస్య చీటీ అడిగి చదివింది. "మీ పాపని కరిచి పది రోజులు నిండాయి. కుక్క బాగుంది. అంటే పాప గండం గట్టెక్కింది, మిగతా సూదులు పూర్తి చేయించండి" అంది. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆవిడ ఏడవనిచ్చింది. ఆ తర్వాత సిరంజి తీస్తూ, "మీకు మాత్రం ఇవాళే మొదలు" అంది.

ఇంటికి వచ్చాక నా కట్టు చూసి మా ఆయన మొహం పాలిపోయింది. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ, నిద్ర పట్టిందా కుమారీ, భయంగా ఉందా అని అడుగుతూనే ఉన్నాడు.

ఉంది. ఎందుకుండదు? కొరికిన చోట సలుపుతుంటే ఒళ్లంతా చల్లబడుతోంది. మెట్ల కింద గొలుసు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను. కానీ ఇది నా ఒంటి మీద భయం. పిల్ల ఒంటి మీద ఉన్నంతకాలం దాన్ని నా మీదికి ఎత్తుకునే దారి దొరక్క చచ్చాను. ఇప్పుడది నా చేతికి వచ్చింది. నేను మోసుకోగలను. లాస్యని దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.