అత్తగారి వాటం

సుద్దముక్క ఇలా మెత్తబడిందేమిటి, గీస్తే పిండిలా రాలాలి గానీ బట్టకు అతుక్కుంటుందా, అనుకుంటూ ఆమె వెనక గోడ మీద మళ్లీ చెయ్యి వేసింది, అదే చెమ్మ, మోకాటి ఎత్తుదాకా సున్నం బుడగలు కట్టింది, సరిగ్గా ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను ముందు కూర్చుని తాను వీపు ఆనించుకునే చోట, ఇన్నేళ్లలో ఈ నేలకింది గదిలోకి చుక్క దిగలేదు, ఎంత వానకైనా, మరి ఇప్పుడేం వచ్చింది దీనికి, పొద్దున వచ్చిన మేస్త్రి పెదవి విరిచాడు, గోడకు వయసైపోయిందమ్మా, లోపల మందు పూయించండి, లేకపోతే మిషను పైకి మార్చుకోండి అన్నాడు, పైకి ఎక్కడికి, ఉన్నవే రెండు గదులు, ఒకదాంట్లో అత్తగారి మంచం ఇంకా అలాగే ఉంది, తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు, ఆవిడ పోయాక ఇదే మొదటి వానాకాలం.

మిషను కిందికి దింపించింది ఆవిడే, కొత్త కోడలి ముఖం మీదే, పైన ఈ చప్పుడు నేను పడలేనమ్మాయ్ అని, ఆ మాట ముల్లులా ఉండిపోయింది, పైగా వాన వస్తే ఆవిడకు పూనకం, అందరూ ఇంట్లోకి పరుగెడుతుంటే ఆవిడ గొడుగేసుకుని బయటికి, చీపురుపుల్లతో డాబా నీళ్ల గొట్టంలో ఆకులు పొడుస్తూ, గోడ పక్కన మట్టి తొక్కుతూ, వీధిలో నలుగురూ చూస్తుంటే ఈమెకు తల కొట్టేసినట్టుండేది, నాతో ఒక్కచోట కూర్చోలేకే బయటికి పోతుందని పక్కింటావిడతో చెప్పుకుంది కూడా, లోపలికి రండత్తయ్యా, జలుబు చేస్తే కషాయం కాచేది నేనేగా అని విసుక్కుంటే, వస్తున్నానే, నీళ్లు ఎటు పోతాయో వాన పడుతున్నప్పుడే కనపడుతుంది అనేది, చాదస్తం అనుకుని ఈమె మిషను ఇంకా గట్టిగా తొక్కేది, ఆ చప్పుడులో ఎన్ని యూనిఫారాలు, ఎన్ని పెళ్లిబట్టలు, కత్తిరించిన ముక్కల గుట్టలో పడి నిద్రపోయిన పిల్లలు, కొత్త నూలు వాసన, పొడి వాసన.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి, ఆమె మెట్లెక్కి ఇంటి వెనక్కి వెళ్లింది, ఎందుకో తనకే తెలియదు, డాబా మీది నీళ్లన్నీ గొట్టంలోంచి దూకి నేరుగా పునాది మీదే పడుతున్నాయి, నీళ్లను దూరంగా మళ్లించే వంపుముక్క ఊడి గడ్డిలో పడి ఉంది, మట్టి కుంగి గోడవైపే వాలిపోయింది, వాటం తప్పింది, ఈ మాటా ఆవిడదే, ప్రతి వానకూ తట్టెడు మట్టి పోసి వాటం సరిచేసేది కదూ, ఆమె వంగి వంపుముక్కను గొట్టానికి బిగించింది, దోసిళ్లతో మట్టి ఎత్తి గోడ వారగా పోసింది, తొక్కింది, నీళ్లు కాసేపు అక్కడే తిరిగి, గోడను వదిలి, వీధి కాలువ దారి పట్టాయి, తడిసిపోతున్నానన్న ధ్యాస కూడా లేకుండా వాటినే చూస్తూ నిలబడిపోయింది, ఇరవై రెండేళ్లు ఆ గోడ పొడిగా ఉన్నది గోడ మంచిదై కాదు, తన వీపు వెనకే, గోడకు అవతల, వానలో ఆవిడ నిలబడి ఉండబట్టి.