నల్ల మంత్రి నడక

పక్షవాతం లెక్కల మాస్టారి కుడిచేతినీ, సగం మాటల్నీ, చదరంగాన్నీ ఒకే ఉదయం పట్టుకుపోయింది. చెయ్యి పడిపోయినందుకు బంధువులంతా కళ్ళొత్తుకున్నారు. చదరంగం కూడా పోయిందని ముందు కనిపెట్టింది మాత్రం భార్యే.

ఆ వీధిలో ఆమెను అందరూ మొద్దమ్మ అంటారు. ఆ పేరు మాస్టారి చలవే. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం, ఆటకొచ్చిన స్నేహితుల ముందు ఆమెను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"చూడవే. ఇది సైన్యం. పూర్వం యుద్ధానికి ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాలిబంట్లు వెళ్ళేవి. చతురంగ బలాలంటే అవే. ఆ నాలుగూ ఈ పలక మీదికెక్కి, వర్తకుల మూటల్లో దేశాలు దాటి, పోయిన ప్రతిచోటా కొత్త వేషం కట్టాయి. ఇదిగో, ఈ మంత్రి ఉన్నాడే, మొదట్లో వీడికి మూలగా ఒక్క గడి నడకే. అచ్చం మా ఆవిడలాగ, పొయ్యి దగ్గర్నుంచి కుళాయి దాకా! తర్వాతెప్పుడో వీడికి రెక్కలొచ్చాయి. ఇప్పుడు ఎటైనా, ఎంత దూరమైనా పోతాడు."

గదంతా ఘొల్లుమంది. ఆమె తడబడి గుర్రాన్ని తిన్నగా జరిపింది.

"మొద్దు!" అన్నాడు మాస్టారు.

ఆ మాట గుమ్మం దాటింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు "మొద్దమ్మగారూ, నా చొక్కా అయిందాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆమె మిషను తొక్కుతూ తలూపేది.

"ఆయనకి బాగా వచ్చిన పనే చేయించండి. మెదడు దారిలో పడుతుంది" అని పక్షవాతం వచ్చాక డాక్టరు చెప్పాడు. ఆమె పలక తుడిచి పావులు పేర్చింది. మాస్టారు ఎడంచేత్తో గుర్రాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది... ఎలా నడుస్తుంది?"

ఆమెకు నిజంగానే జాలేసింది. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ మిషను దగ్గర్నుంచి చూసి నేర్చుకున్నదంతా ఓపిగ్గా చెప్పింది. "రెండు గడులు తిన్నగా, ఒకటి పక్కకి. అడ్డమొచ్చినవాళ్ళ మీంచి దూకేస్తుందండీ. ఏనుగు తిన్నగా పోతుంది, శకటు మూలగా పోతుంది. బంటు ముందుకే గాని వెనక్కి రాడు, చంపేటప్పుడు మాత్రం మూలగా పోతాడు. రాజు ఎటైనా ఒక్క గడే. ఆయన తప్పించుకోడానికి చోటు లేకుండా చేస్తే ఆట కట్టు."

మాస్టారు నల్ల మంత్రిని చూపించాడు. "మరి వీడో? చెప్పవే, మొద్దూ."

గుర్రం నడక మరిచిపోయాడు. కూతురి పేరు మరిచిపోయాడు. ఆ మాట మాత్రం నాలుక చివరనే ఉంది.

ఆమె మంత్రిని అతని చేతిలోంచి తీసుకుని పలక మీద పెట్టింది. "నల్ల మంత్రికి మూలగా ఒక్క గడేనండీ. తెల్ల మంత్రైతే ఎటైనా పోతాడు."

"అదేంటి?"

"రూలే అంత."

మర్నాటి నుంచి భోజనాలు కాగానే ఆట. తెల్ల పావులు ఆమెవి. ఆమె మంత్రి పలకంతా తిరిగి దొరికినవాణ్ణి దొరికినట్టు మింగేవాడు. మాస్టారి మంత్రి గూట్లో గువ్వలా రాజు పక్కనే కూర్చునేవాడు. ఓడిన ప్రతిసారీ మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమె అతని గడ్డం మీద కారిన చొంగ తుడిచి, "ఇంకో ఆట వేద్దామాండీ?" అని మళ్ళీ పేర్చేది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, "ఎంత ఓపిక తల్లీ నీకు!" అని మెచ్చుకునేది. ఆ రోజుల్లో మిషను తొక్కుతూ ఆమె కూనిరాగాలు తీసేది.

ఒకరోజు ఆమే, మాస్టారితో ఆదివారాలు ఆడుతూ వచ్చిన రిటైరైన పోస్టుమాస్టరు ఇంటికి వెళ్ళింది. "అన్నయ్యగారూ, ఆదివారం అందర్నీ తీసుకురండి. ఆయన మళ్ళీ ఆడుతున్నారు. నల్లవే ఇవ్వండి, వాటికే అలవాటు పడ్డారు."

ఆదివారం పాత బృందమంతా వచ్చింది. మాస్టారి గుర్రాలు సరిగ్గానే దూకాయి. "భేష్!" అన్నారు. పోస్టుమాస్టరు స్నేహితుడి ముచ్చట తీర్చాలని కావాలనే తన రాజును గాలికొదిలేశాడు.

"ఇంకేం, మంత్రితో ఆట కట్టెయ్ మాస్టారూ!"

మాస్టారు మంత్రిని మూలగా ఒక్క గడి జరిపాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అదేంటయ్యా?"

"నల్లవాడికి... ఒక్క గడే కదా."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడ" అన్నాడు మాస్టారు గర్వంగా. "అంతా తనే నేర్పింది."

నవ్వినవాడు నోరు మూసుకున్నాడు. పోస్టుమాస్టరు గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, ఇదేం పని?"

"మొద్దుని కదా అన్నయ్యగారూ, తప్పు చెప్పుంటాను" అందామె. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. అనేశాక చూస్తే ఏ రుచీ లేదు. మాస్టారు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తూ వచ్చి, చివరికి ఆమె మొహం దగ్గర ఆగాడు.

అందరూ వెళ్ళాక అడిగాడు. "కూతురు రోజూ ఫోన్ చేస్తోందన్నావు. అబద్ధమా?"

"నిజమండీ."

"చెయ్యి మళ్ళీ వస్తుందని డాక్టరు చెప్పాడన్నావు?"

"నిజం. నా మీద ఒట్టు."

"ఈ ఇల్లు... మనదేనా?"

ఆమె ఫోను కలిపి అతని చెవికి ఆనించింది. కూతురు అవతలినుంచి "నాన్నా, నాన్నా" అంటోంది. "ఎవరినో పెట్టావు" అని అతను మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు. పెట్టింది తిన్నాడు. మాత్రలిస్తే బుద్ధిగా నోరు తెరిచాడు.

వానాకాలం మొదట్లో మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి మాట పూర్తిగా పడిపోయింది.

"మాత్రలు ఆపేశారా?" అని ఆసుపత్రిలో డాక్టరు గద్దించాడు.

"లేదండీ, రోజూ నా చేత్తోనే వేశాను."

దుప్పట్లకని ఇంటికొచ్చి మంచం జరిపితే, గోడ వారన నాని మెత్తబడ్డ మాత్రలు గుట్టగా కనబడ్డాయి. ఆమెకు ఆ గుట్టలో చెయ్యి పెట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు.

ఆసుపత్రికి తిరిగి వెళ్ళి, చెంచాలో మందు పోసి అతని పెదాలకు ఆనించింది. "ఇది నిజం మందేనండీ. నన్ను నమ్మండి." పెదాలు బిగుసుకున్నాయి. మందు మెడ మీదికి కారిపోయింది.

నర్సు చెంచా అందుకుంది. "మీరు కాస్త బయట కూర్చోండమ్మా. మీరుంటే నోరు తెరవట్లేదు."

ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల నర్సు "అదిగో, మింగేశారు, బంగారం" అని మురిసిపోతోంది.