పిలుపు బంట్రోతు జోజి

మొదటి రెండు కేకలూ బాగానే వచ్చాయి. మూడోసారి "గవర్రాజూ" అనబోతే "గవ" దగ్గరే జోజి గొంతు తెగిపోయి, మిగతాదంతా గాలి అయింది. అదృష్టం బాగుండి ఆ గవర్రాజు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. జోజి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తెల్లకోటు పైగుండీ సర్దుకుని, తలుపు పక్కన తన చోట నిలబడ్డాడు.

విశాఖపట్నం పాతబస్తీలో ఓడ కూత వినబడేంత దూరంలో ఉన్న ఓ చిన్న కోర్టు అది. అందులో పేర్లు పిలవడం జోజి పని. మనిషి పొడుగు, బక్క. కేకేసినప్పుడు మెడ నరాలు తాళ్ళలా పొంగుతాయి. ఒకప్పుడు అతను పిలిస్తే రోడ్డవతల టీకొట్టులో కూర్చున్నవాడు గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. మూడు పిలుపులకీ రాకపోతే కేసు కొట్టేస్తారు మరి. అలాంటి గొంతు మొన్నటి ఎండల నుంచీ పోతోంది. భార్య జయశీల మిరియాల కషాయం కాచి పోస్తూ, పెద్దాసుపత్రికి వెళ్దామని రోజూ పోరుతోంది. వెళితే డాక్టరు గొంతు చెడిందని రాసిస్తాడు. గొంతు చెడిన పిలుపు బంట్రోతును ఎవరుంచుకుంటారు? పింఛనుకు ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. అందాకా ఎలాగో లాగాలని అతని తాపత్రయం.

లోపల కేసు ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయిన ఓ జీడితోట గురించి. గవర్రాజు బోనెక్కి, ఆ తోట ఎవరు నాటారో మా బావ చెప్పాడండీ అని మొదలుపెట్టాడో లేదో, ప్లీడరు అచ్యుతరామయ్య గౌను రెక్కలు ఎగరేసుకుంటూ లేచాడు.

"ఇతను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. విన్నమాట సాక్ష్యం కాదు."

ఆ బావ పద్మనాభం ఊళ్ళో బతికే ఉన్నాడు కదా, అతన్నే వచ్చి చెప్పమనండి అన్నారు జడ్జిగారు. గవర్రాజు మాట రాసుకోలేదు. జోజికి ఆ కోర్టులో నచ్చేది ఇదే. వీధిలో, కుళాయి దగ్గర, ఆఖరికి చర్చి వాకిట్లో కూడా ఒకరన్న మాట ఇంకొకరు మోసి మనిషి పరువు తీసెయ్యగలరు. ఈ గదిలో మాత్రం అలా కుదరదు. ఇన్నేళ్ళుగా తలుపు పక్కన నిలబడి అతను గట్టిగా నమ్మినది అదొక్కటే.

ఆ అచ్యుతరామయ్యే సోమవారం చేసిన పని వినండి. గాజుల కొట్టు మదీనా బీ కేసు పిలిచే వేళకి ఈయనగారు హోటల్లో పెసరట్టు తింటున్నారు. ప్లీడరూ లేడు, మనిషీ రాలేదు. కేసు కొట్టేశారు. ముసలమ్మ ఘొల్లుమంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. 'జోజి మెల్లిగా పిలిచాడు, అవతలివాళ్ళు చెయ్యి తడిపారేమో' అనేశాడు. తన పెసరట్టు సంగతి మాత్రం నోరెత్తలేదు. ఎంత సిగ్గుమాలిన మనిషి! టీకొట్టు దగ్గర 'తడిపారేమో' అన్నది టైపు గదికి వచ్చేసరికి 'తడిపారట' అయింది. గురువారానికి ఆఫీసు సూపరింటెండెంటు నీలకంఠం బల్ల మీదికి చేరి, 'తడిపారు' అని స్థిరపడింది.

ఆ రోజే మధ్యాహ్నం భోజనాలయ్యాక నీలకంఠం జోజిని పిలిపించాడు.

"నువ్వు డబ్బు తీసుకున్నావని అందరూ అంటున్నారు జోజీ. సస్పెన్షన్ ఆర్డరు టైపవుతోంది."

"సూసినోళ్ళెవులు బాబూ?"

"చూసినవాళ్ళు కావాలనడానికి ఇది కోర్టు హాలు కాదు, ఆఫీసు. ఇక్కడ అందరూ అంటే చాలు."

హాలుకీ ఆఫీసుకీ మధ్య ఉన్నది ఒక్క వరండా. ఆ వరండా దాటితే న్యాయం ఇలా మారిపోతుందని జోజి కలలో కూడా అనుకోలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇక దాచలేకపోయాడు.

"నా గొంతు పోతంది బాబూ. ఎండలప్పట్నుంచీ పోతంది. నాను ఎవుల కాడా పైసా ముట్టలేదు."

ఆ మాటలైనా సగం సగమే బయటికొచ్చాయి. నీలకంఠం కాగితాల్లోంచి తలెత్తలేదు.

"డాక్టరు కాగితముందా? ఊరికే నువ్వు చెబితే ఎలా నమ్ముతాం?"

టీకొట్టు వాళ్ళ మాటకు ఏ కాగితమూ అడగనివాడు, ఎదురుగా నిలబడి బొంగురు గొంతుతో చెప్పుకుంటున్న మనిషికి మాత్రం డాక్టరు సంతకం కావాలన్నాడు. జోజి టైపయ్యేదాకా నిలబడి, ఆర్డరు తీసుకుని మెట్లు దిగాడు. కింద అచ్యుతరామయ్య ఎవరో పార్టీతో మాట్లాడుతూ అతనికేసి చూసి, వెంటనే వాచీకేసి చూసుకున్నాడు.

తరవాత జోజి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆలస్యం చేశారన్నారు. వానలు వెనకబట్టేసరికి మాట పూర్తిగా పడిపోయింది. క్రిస్మస్ ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం, జయశీల గంజి వార్చి వచ్చేలోగా పోయాడు. ఉద్యోగి మరణించినందున విచారణ మూసివేశామని కోర్టు నుంచి కబురొచ్చింది. దొంగ అనీ అనలేదు, కాదనీ అనలేదు.

మదీనా బీ పలకరించడానికి వచ్చి గడప దగ్గర కూలబడింది. అప్పటికే అచ్యుతరామయ్య అర్జీ పెట్టి ఆమె కేసు మళ్ళీ తెరిపించాడు.

"ఆ దినం మీ ఆయన మెట్ల మీదికొచ్చి మూడుసార్లు సెయ్యూపినాడమ్మా. నాను రోడ్డవతల నుంచి కళ్ళారా సూసినాను. నన్ను కాదేమో అనుకున్నాను."

"మరి ఎవులికీ సెప్పలేదేటి?" అంది జయశీల.

"నన్నెవులూ అడగలేదమ్మా."

జయశీల తిట్టడానికి నోరు తెరిచి, ఎవరిని తిట్టాలో తెలియక మూసుకుంది.

ఆ వారంలోనే కోర్టు నుంచి ఒకతను వచ్చి, బీరువా అడుగున దొరికిందంటూ జోజి సంచీ ఇచ్చి వెళ్ళాడు. అందులో బడిలో కొట్టే చేతిగంట ఒకటి ఉంది. గొంతు అందనప్పుడు అది మోగించి జనాన్ని పిలుద్దామని, ఎవరికీ చెప్పకుండా కొని దాచుకున్నాడు. ఇత్తడికి ఇంకా కొత్త మెరుపు పోలేదు. బస్సులో మోగకుండా దాని నాలుకకు చుట్టిన గుడ్డపేలిక ముడి విప్పకుండా అలాగే ఉంది.