పెద్దగుండు అచ్చు

జంపయ్యను పట్టుకుపోయిన పూట పొయ్యి మీద సీసం ఇంకా కరగలేదు.

విజ్జ పండుగ దగ్గర పడింది. విత్తనం భూమిలో పడేముందు కోయగూడెం మగవాళ్లంతా వేటకు పోవాలి. తెచ్చింది అందరూ పంచుకు తిన్నాకే విత్తనం చల్లుతారు. జంపయ్య వాకిట్లో తుపాకి గుండ్లు పోసే రెండు అచ్చులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండూ గూడెం వెనుక గుట్టలో దొరికే బలపం రాతితో చెక్కినవే. ఒకదానిలో శనగగింజలంత గుంటలు వరుసగా ఉన్నాయి. అది పిట్టలకు, కుందేళ్లకు. రెండోదానిలో ఒకటే గుంట, రేగుపండంత. జంపయ్య తండ్రి చెక్కిన, రెండు సగాలుగా విడిపోయే అచ్చు అది. అడవిపందికి.

"ఏది పోస్తవ్ మామా?" అని అడిగాడు చెల్లెలి కొడుకు బొజ్జయ్య.

జంపయ్య పెద్దది తీసుకున్నాడు. "చిన్న గుండు తగిల్తె పందికి కోపమొస్తది. పెద్ద గుండు తగిల్తె పంది పడ్తది. దానికి కోపం తెప్పిచ్చి నువ్వు చెట్టెక్కి కూసుంటవా ఏంది?"

"ఎక్కితె నా పెండ్లాం దిగనిస్తదా?" అన్నాడు బొజ్జయ్య.

పక్కన జొన్న విత్తనాలు చెరుగుతున్న జంపయ్య భార్య ముత్తక్క నవ్వింది. మొగుడి పక్కన కూర్చుని ఆమె నవ్వడం అదే ఆఖరు.

జీపు వచ్చి ఆగింది. రేంజరు దిగాడు, వెనుకనే ఎస్సై, పోలీసులు. ఎందుకు వచ్చారో గూడెంలో తెలియనివాళ్లు లేరు. గోదావరికి పెద్ద వరద వచ్చి తగ్గిన కొన్నాళ్లకు, వాళ్ల పోడు భూముల్లో జామాయిల్ నాటడానికి కాంట్రాక్టరు మొక్కలు దింపాడు. మొదటి మొక్కను పీకి అవతల పారేసినవాడు జంపయ్య.

వాకిట్లో ఆనించి ఉన్న, మందు కూరి పేల్చే భర్మారు తుపాకిని ఒక పోలీసు లాక్కున్నాడు. రేంజరు వంగి పెద్ద అచ్చులో ఒక సగం చేతికి తీసుకుని, గుంటలో వేలు పెట్టి చూశాడు.

"ఇంత లావు గుండు పందికా, మాకా?"

"పందికే సారూ. మీకు గింత సీసం దండగ."

గూడెం పకపకా నవ్వింది. ఆ నవ్వును వాళ్లు క్షమించలేదు. తుపాకి మడమ జంపయ్య నోటి మీద పడింది. చాటలోని విత్తనాలు ముత్తక్క కాళ్ల చుట్టూ చిందాయి. అతని తలగుడ్డతోనే అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు. జీపు కదిలాక చూస్తే పెద్ద అచ్చులో రెండో సగం పొయ్యి పక్కన బూడిదలో పడి ఉంది. ముత్తక్క దాన్ని తీసి కొంగుతో తుడిచింది. సగం అచ్చు దేనికీ పనికిరాదు. అయినా జారవిడవలేదు.

మర్నాడు జంపయ్య అన్న పగిడయ్య కొంతమంది మగవాళ్లను వెంటబెట్టుకుని, రోడ్డు మీది ఠాణాకు పోయాడు. పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చారు. గూడెం మొదట్లో ఆడవాళ్లు అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందు నిలబడింది పగిడయ్య భార్య చిన్నక్కే. చేతిలో పేడనీళ్ల కుండ.

వేటకు పోయి ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్లను పండుగనాడు ఆడవాళ్లు అలాగే ఆపుతారు. పేడనీళ్లు చల్లి, తిట్టి, నవ్వి, ఊళ్లోకి రానివ్వరు. అది పండుగనాటి సరదా. ఆ రోజు పండుగ కాదు. ఎవరూ నవ్వడం లేదు.

"ఏందే ఇది? మేమేమన్న వేటకు పోయినమా?" అన్నాడు పగిడయ్య.

"మనిషిని తెస్తమని పోయిన్రు. ఏడీ మనిషి?"

కుండెడు నీళ్లూ మొగుడి మొహాన కొట్టింది చిన్నక్క. పగిడయ్య మీసాల మీది పేడ తుడుచుకున్నాడు. కోపం రాలేదు. అతను అక్కడే చెప్పాడు.

"ఎస్సై ఒక మాటన్నడు. ఇంటింటి గుండ్ల అచ్చులు తెచ్చి అప్పజెప్పాలెనంట. పోడు ఇడిసిపెట్టాలెనంట. గప్పుడు తమ్ముణ్ణి ఇడుస్తడంట."

"నువ్వేమన్నవ్?" అంది చిన్నక్క.

"సరేనన్న."

"సరేనన్నవా? పందులు పంట మేస్తె ఏం దిని బతుకుతం?"

"పోడే పోయినంక పందులేంది, పంటేంది?"

"అచ్చులిచ్చుడేంది, మన గుట్ట రాయి వాడికెందుకు?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. చివరికి బొజ్జయ్య గొంతు పైకి లేచింది. "ఆగున్రి. చిన్న అచ్చులిచ్చేద్దం. పెద్దయి పొయ్యికింద దాద్దం. వాడికేమెరుక? మామ ఇంటికొస్తడు, మన అచ్చులు మనకుంటయ్."

చాలామందికి అది తెలివైన మాటగా తోచింది. చిన్నక్క కూడా కుండ దించింది. అప్పుడు ఎవరో అన్నారు, ముత్తక్కను అడగాలి, పట్టుకుపోయింది ఆమె మొగుణ్ణి అని.

అందరూ ముత్తక్క వైపు తిరిగారు. ఒక్క మాటతో జంపయ్య ఇంటికి రావచ్చు. ఆ మాట ఆమె నోట్లోనే ఉంది. కొంగుముడిలోని రాతి సగాన్ని గట్టిగా పట్టుకుంది.

"దాస్తె మనం దొంగలమని ఒప్పుకున్నట్టే" అంది. "మనం దాసుకుంటె ఆయనొక్కడే దొంగయితడు. మొక్క మనందరి కోసం పీకిండు, దొంగతనం ఆయనొక్కడిదా?"

"మరేం జెయ్యమంటవ్ పిల్లా?" అన్నాడు పగిడయ్య.

"ఎవలింటి పెద్దచ్చు వాళ్లు చేత పట్టుకోన్రి. ఇయ్యొద్దు. చూపెడదం. మా ఇంట్ల గూడ ఉన్నది, మమ్ముల గూడ లోపలెయ్యి అందం. ఇన్నేండ్లు ఒక్కొక్కలం పోయి దండం పెట్టినం బావా. గదంత చిన్న గుండే. ఆళ్లకు కోపమొచ్చింది గంతే, ఒక్కడన్న పడ్డడా?"

చిన్నక్క అడిగింది, "అచ్చు లేనోళ్లో?"

"గుట్ట ఉన్నది గదా అక్కా."

మర్నాడు గూడెమంతా రాయి చెక్కిన చప్పుడే. తుపాకి లేని ఇళ్లూ అచ్చు చెక్కాయి. పుట్టి బుద్ధెరిగి కాకిని కూడా కొట్టని ముసలి దేవ్లా పక్క తండా నుంచి వచ్చి, తనకూ ఒక రాయి ఇమ్మన్నాడు. "నీ గుంట గిట్ల వంకరబోయిందేంది తాతా?" అని బొజ్జయ్య ఎగతాళి చేశాడు. "నేను గుండు పోస్తనా? మీతోని నిలవడ్త, గంతే" అన్నాడు దేవ్లా.

తెల్లవారి అందరూ కలిసి అడవి దిగారు. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనుక. రోడ్డు మీద పాల్వంచ ఫ్యాక్టరీలకు పోయే బస్సు కోసం షిఫ్టు కార్మికులు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో రాళ్లేమిటని ఒకతను అడిగాడు. చిన్నక్క చెప్పింది. అతను టిఫిన్ డబ్బా పక్కవాడికిచ్చి వాళ్ల వెంట నడిచాడు. బస్సు వచ్చినా మరికొందరు ఎక్కలేదు.

ఠాణా వరండాలోకి ఎస్సై వచ్చాడు. జనాన్ని చూశాడు, చేతులు చూశాడు.

"మా ఆయన ఏడీ?" అంది ముత్తక్క.

ఎస్సై ఆమె మొహంలోకి చూడలేదు. "పొద్దున పారిపోబోయి బండ మీద పడ్డాడు" అన్నాడు.

ఠాణా వెనుక నేల మీద పడి ఉన్న మనిషికి గోనెపట్టా కప్పి ఉంది. ముత్తక్క పోయి పట్టా తీసింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. జంపయ్య చేతులు వెనక్కే ఉన్నాయి. మణికట్లకు అతని తలగుడ్డ, వాకిట్లో వేసిన ముడి వేసినట్టే.

"చేతులు కట్టుకోని ఉరికిండా సారూ?"

ఆ మాట గట్టిగా అనలేదు. కానీ గేటు బయట నిలబడ్డ కార్మికుల దాకా వినిపించింది. ఒక పోలీసు తల దించుకున్నాడు.

ఆమె ముడి విప్పింది. ఠాణాలోకి నడిచింది. ఎస్సై బల్ల మీద ఉంది రేంజరు పట్టుకుపోయిన సగం. తీసుకుంది. ఎవరి చెయ్యీ అడ్డం రాలేదు. కొంగులోని సగంతో దాన్ని కలిపి, వరండాలోకి వచ్చి పైకెత్తి పట్టుకుంది.

"ఇది మా ఇంటిది. పందికే. నన్ను వట్టుకో."

"ఇది మాది" అంటూ చిన్నక్క తనది ఎత్తింది. "మాది", "మాది గూడ." వంకర గుంట అచ్చును దేవ్లా రెండు చేతులతో ఎత్తాడు.

"లాక్కోండి! అన్నీ లాక్కోండి!" ఎస్సై అరిచాడు.

పోలీసులు ఒక అడుగు వేశారు. పగిడయ్య ముందుకు వచ్చాడు. "ఎన్ని గుంజుకుంటవ్? మా గుట్టంత గదే రాయి. గుట్టను జీపులెక్కిస్తవా?"

కార్మికులు గేటు తోసుకుని లోపలికి వచ్చారు. పోలీసులు ఆగిపోయారు. అడగకుండానే ఎవరో ఎదురింటి నుంచి నులక మంచం తెచ్చారు. జంపయ్యను మోసుకుని ఆ జనమంతా అడవి వైపు తిరిగింది. దారి పొడవునా ఒక భుజం అలిసిందనకముందే మరో భుజం కిందికి వచ్చింది.

ఆ వారంలోనే పగిడయ్యను ఖమ్మం జైలుకు పంపారు. "ఉత్తచేతుల్తోని రాకు, పేడ కలిపి పెట్టుకుంట" అని జీపు వెంట అరిచింది చిన్నక్క. పగిడయ్య సంకెళ్ల చేతులు ఎత్తి చూపించాడు. ఆ ఏడు జామాయిల్ మొక్కలన్నీ గూడెమంతా కలిసి పీకింది. పోడులో జొన్న చల్లింది.

జొన్న కంకి పాలుపోసుకుంది. తన ఇంటి కప్పులో దాచిన తండ్రి తుపాకిని బొజ్జయ్య దించి తుడిచాడు. ముత్తక్క వాకిట్లో పొయ్యి రాజేసింది. ఆనాడు కరగకుండా మిగిలిపోయిన సీసం అదే చట్టిలో ఉంది. బొజ్జయ్య రెండు అచ్చులూ ఆమె ముందు పెట్టాడు.

"ఏది పోస్తవ్ అత్తా?"

ముత్తక్క పెద్దది తీసుకుంది. రెండు సగాలూ దగ్గరికి చేర్చి, సందు లేకుండా కూడాయో లేదో వేలితో తడిమి చూసింది.

"పందికేనా?"

సీసం కరిగి మెరిసింది. ఆమె చట్టిని వంచింది.

"పంట మీదికి ఏదొస్తె దానికి."